ఆళ్ళగడ్డ అవ్వ మంచం

పోయిన నెలలో మా మరిది కూతురు నంద్యాలలో ఒక ఫ్లాటు కొనుక్కుంది. తాళాలు చేతికి వచ్చిన రోజే నాకు ఫోను చేసి, పెద్దమ్మా, అమ్మినవాళ్ళు వాళ్ళ చెత్తంతా మా నెత్తిన పెట్టి పోయారు చూడు అంటూ ఫోటోలు పంపింది. చూద్దును కదా, పిల్లలెవరో పెన్నుతో గీతలు గీసిన సోఫా ఒకటి, అద్దం పగిలిన డ్రెస్సింగ్ టేబులు, కాళ్ళు ఊగే కంప్యూటరు బల్ల, వంటింట్లో తలుపు సరిగా పడని ఫ్రిజ్జు. అమ్మినాయనను అడిగితే, మీకేమైనా పనికొస్తాయేమోనని ఉంచినామండీ అన్నాడట. ఈ ముక్క మాత్రం నా కాలం నుంచి ఇప్పటిదాకా మారలేదు. తనకు పనికిరానిదాన్ని పక్కవాడికి అంటగట్టేటప్పుడు మనిషికి వచ్చేంత ఉదారబుద్ధి మరెప్పుడూ రాదు.

సరే, పెద్దదాన్ని కదా, నాలుగు మంచి మాటలు చెబుదాం, ముందు మర్యాదగా అడగమందాం, వినకపోతే మధ్యవర్తిని పంపమందాం అని నేను కళ్ళజోడు వెతుక్కునేలోపలే ఆ పిల్ల ఆ ఫోటోలను ఫోనులో ఎక్కడో పెట్టడమూ, ఎవరో చిన్న ఆటో వేసుకుని వచ్చి అన్నీ ఎత్తుకుపోవడమూ అయిపోయాయి. సాయంత్రానికి నేల కడిగి, ఖాళీ గది ఫోటో తీసి పంపి, అయిపోయింది పెద్దమ్మా అంది. మంచి పని చేశావమ్మా అని ఫోను పెట్టేశాను కానీ, ఆ ఖాళీ గదిని చూసిన తర్వాత నా మనసు నా మాట వినలేదు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు కానీ, ఇంకొకరు కాపురం చేసిన ఇల్లు కొని చూడు అని కూడా ఆ సామెత చెప్పినవాళ్ళు చేర్చి ఉండాల్సింది. నా ఈడు వాళ్ళకు ఈ మాట అర్థమవుతుందని నా నమ్మకం.

మేము నంద్యాలలో ఇల్లు కొన్ననాటికి నేను టెలిఫోను ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసేదాన్ని. చెవులకు బిళ్ళలు తగిలించుకుని, కర్నూలు, కడప, ఆళ్ళగడ్డ, కోయిలకుంట్ల అని అరుస్తూ దినమంతా నోటితోనే బతికే ఉద్యోగం. ఇంటికొచ్చినా నా గొంతు తగ్గేది కాదని మా ఆయన నవ్వేవాడు. ఆయన బస్సు డిపోలో గుమాస్తా. ఎదుటి మనిషి కళ్ళలో రెండు నీటిబొట్లు కనిపిస్తే చాలు, జేబులోది తీసి ఇచ్చేసే మెత్తటి మనిషి. ఇద్దరం ఎన్నో అద్దె ఇళ్ళు మారి, ఇంటిగలవాళ్ళ సాధింపులు పడి పడి, చివరికి ఒక పాత ఇల్లు మా స్థోమతకు తగ్గది దొరికితే కొన్నాం. బేతంచెర్ల బండలు పరిచిన నేల, వరుసగా మూడు గదులు, పక్కగా విడిగా ఇంకొక లోపలి గది. ఆ గదికి పెరట్లోకి వేరే వాకిలి ఉండేది, వాకిలి దాటగానే నీళ్ళగది. ఇల్లంతటికీ అదొక్కటే ఎండ తగలని చల్లని గది. ఇల్లు చూడటానికి వచ్చినప్పుడే నేను ఆ గది మీద మనసు పడ్డాను.

అమ్మినాయనకు ఆళ్ళగడ్డలో విత్తనాలు, ఎరువుల అంగడి. వ్యాపారం అక్కడ కుదురుకోవడంతో సంసారమూ అక్కడికే మార్చాడు. తండ్రి పోయి అప్పటికి ఎంతో కాలం కాలేదు, తల్లిని వెంట తీసుకుపోతున్నాడు. రిజిస్ట్రేషను నాడు నాకు డ్యూటీ ఉండి నేను పోలేదు. పోయి ఉంటే ఈ కథే లేదు. ఆ ముసలావిడ మా ఆయనను ఆఫీసు అరుగు దగ్గరికి పిలిచి, చేతిలో చెయ్యి వేయించుకుని ఒక మాట తీసుకుందట. ఆ సంగతి ఈ మహానుభావుడు నాకు చెప్పింది ఎప్పుడనుకున్నారు? ఇంట్లో చేరిన రోజు, పొయ్యి మీద పాలు పొంగుతుండగా, పురోహితుడు పక్కనే కూర్చుని ఉండగా. లోపలి గదిలో ఒక మంచం ఉంది, ఆమె బతికి ఉన్నన్నాళ్ళు దాన్ని తీయగూడదు అని మాటిచ్చినాను అన్నాడు. పాలు పొంగేటప్పుడు ఇల్లాలు అరవగూడదు కాబట్టి నేను పళ్ళు బిగించుకుని ఊరుకున్నాను. ఆయనకూ ఆ సంగతి తెలిసే ఆ సమయం చూసుకున్నాడని నాకు ఈనాటికీ అనుమానమే.

వాళ్ళు వదిలిపోయినవి అదొక్కటే కాదు. కాలు విరిగిన కుర్చీ, తుప్పు పట్టిన డ్రమ్ము, తలుపు లేని గూటి బీరువా, ఎరువుల గోతాలు కట్టలు కట్టలు, గోడలకు పాత క్యాలెండర్లు. వాటినన్నిటినీ పాత సామాన్లవాణ్ణి పిలిచి ఒక్క పూటలో వదిలించుకున్నాను. మంచం దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా ఆటలు సాగలేదు. నల్లమల యేగిస కర్రతో చేసిన పట్టెమంచం అది. ఒక్కొక్క కోడు నా చేతులు రెండూ చుట్టినా అందనంత లావు, తలవైపు చెక్కకు రెండు చిలకలు చెక్కి ఉండేవి, ఎక్కాలంటే కింద పీట వేసుకోవాలి. వడ్రంగిని ఆ గదిలోనే కూర్చోబెట్టి చేయించారట, అందుకని వాకిట్లో నుంచి బయటికి పట్టదు. గది సగానికి పైగా అదే. ఇంకొక మంచం వేయడానికి చోటు లేదు, దాని మీద పడుకోవడానికి మనసొప్పదు. ఎందుకు ఒప్పదంటే, పాలు పొంగించిన వారానికల్లా నాకు దాని చరిత్ర తెలిసిపోయింది.

చెప్పింది పక్కింటి గాజుల అంగడి వాళ్ళావిడ. వాళ్ళు ముస్లిములు, నేను ఆమెను ఆపా అని పిలిచేదాన్ని, మా రెండిళ్ళకూ మధ్య గోడ నడుమెత్తు ఉండేది కాబట్టి ఇంటి తాళాలు, కూరల గిన్నెలు, వీధి కబుర్లు ఆ గోడ మీదుగానే నడిచేవి. మా వైపు మనిషి పోయేటప్పుడు మంచం మీద పోనివ్వరు. ఊపిరి మారిందని పెద్దవాళ్ళు గుర్తుపట్టగానే, ఆ మనిషిని ఎత్తి కింద చాప మీదికి దించుతారు. భూమి మీద ప్రాణం వదిలితే మంచి గతి. మంచం మీద పోతే మాత్రం, పోయినవాళ్ళు ఆ మంచాన్ని వీపున మోసుకుంటూ తిరగాల్సి వస్తుందని మా పెద్దలు భయపెట్టేవాళ్ళు. అటువంటి మంచాన్ని ఇంట్లో ఉంచుకోరు, ఊరవతల పారేస్తారు, లేదా ఎవరికైనా దానం ఇచ్చి పంపేస్తారు. ముసలావిడ భర్త ఆ మంచం మీదే పోయాడు. పక్కనే ఉండి కూడా ఆమె దించలేదు, ఎవరినీ పిలవలేదు. కునుకు పట్టిందంట ముసల్దానికి, తెల్లారి చూస్తే ఏముంది అని వీధంతా అనుకుంది. పోనీ ఆ తర్వాతైనా మంచాన్ని వదిలించుకోనిచ్చిందా అంటే, చెయ్యి వేయనివ్వలేదట. కొడుకేమో దాన్ని కొత్త ఇంటి గడప దాటనివ్వనన్నాడు. అటు తీసుకుపోలేక, ఇటు పారేయలేక, ఇంటితో పాటు మాకు అప్పజెప్పి పోయారన్నమాట.

ఆ రోజు మా ఆయనతో నేను ఆడిన మాటలు ఇక్కడ రాయను. ఎక్స్ఛేంజీలో లైను కలవకపోతే అరిచే దానికన్నా గట్టిగానే అరిచి ఉంటాను. ఆయన అన్నీ విని, మాటిచ్చినాను కదే అన్నాడు. అదొక్క ముక్కతో నా నోరు కట్టేసేవాడు.

అంతటితో పోయిందా? ముసలావిడ మంచాన్ని చూడటానికి రావడం మొదలుపెట్టింది. వారానికో, పది రోజులకో, ఆళ్ళగడ్డ బస్సు దిగి, ఒక గుడ్డ సంచిలో మా పిల్లలకు వేయించిన శనగలో, కొర్రలో తెచ్చి, అలవాటైన ఇంట్లోకి వచ్చినట్లే వచ్చేది. వచ్చి, చెంగుతో ఆ చిలకలను తుడిచి, మంచం మీద కూర్చోకుండా కింద బండల మీద కోడుకు ఆనుకుని కూర్చుని, వక్కాకు నములుతూ అట్లాగే ఉండిపోయేది. పెట్టింది తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. సాయంత్రం బస్సుకు పోయేది. నేను డ్యూటీలో ఉంటే ఆపా తాళం తీసి లోపల కూర్చోబెట్టేది. పిల్లలు అవ్వా అవ్వా అని చుట్టూ చేరేవాళ్ళు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. ఇల్లు మాది, పన్ను మేము కడతాం, గది మాత్రం ఆమెది. పైగా కట్టుకున్నవాడు పోతుంటే నిద్రపోయిన మనిషి, ఇప్పుడు కొయ్య దగ్గరికి వచ్చి కూర్చుంటే ఏం లాభం అని మనసులో సణుక్కునేదాన్ని.

అట్లా రెండు మూడేళ్ళు గడిచాయి. అప్పుడు మా నాయనకు పక్షవాతం వచ్చింది.

మా నాయనది కోయిలకుంట్ల దగ్గర పల్లె. కొంచెం నల్లరేగడి, శనగ, కొంచెం వరి. మా అమ్మ నా చిన్నప్పుడే పోతే, మళ్ళీ పెళ్ళి చేసుకోకుండా నన్ను ఒక్కదాన్నే పెంచాడు. ఊళ్ళో పది మందికి తగువులు తీర్చిన మనిషి, పంచె మడత నలగనివ్వడు, ఎవరింట్లోనూ మంచినీళ్ళు కూడా అడిగి తాగడు. అటువంటి మనిషికి కుడివైపంతా పడిపోయి, మాట పోయింది. ఊ అనడం తప్ప ఇంకేమీ రాదు. నా దగ్గరికి తెచ్చుకున్నాను, ఇంకెవరున్నారు? తెచ్చుకుని యాడ పెట్టాల? లోపలి గది నిండా ఆ మంచం. గతిలేక నడవ గదిలో నవారు మంచం వేసి, చుట్టూ పాత చీర ఒకటి అడ్డంగా కట్టాను. వీధి వాకిలికీ వంటింటికీ మధ్య దారి అది. పాలవాడు అటుగానే రావాలి, చీటీల వాళ్ళు అటుగానే రావాలి. నేను ఆయనకు గుడ్డలు మార్చేటప్పుడు ఎవరి అడుగుల చప్పుడైనా వినిపిస్తే మా నాయన ఎడమ చేత్తో దుప్పటి పట్టుకుని ముఖం గోడవైపు తిప్పేసుకునేవాడు. ఆయన కళ్ళలో నీళ్ళు నేను అప్పుడే మొదటిసారి చూశాను. 

సెలవు పెట్టి ఆళ్ళగడ్డకు పోయాను. అంగడిలో గోతాల మధ్య నిలబడి, అమ్మినాయనకు నా బాధ చెప్పుకున్నాను. చెడ్డవాడేమీ కాదు, కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. అంతా విని తల గోక్కుని, "నువ్వు కాల్చుకుంటావో, కొట్టి పొయ్యిలో పెట్టుకుంటావో నీ ఇష్టం తల్లీ, నా గడప మాత్రం తొక్కనీయను. నేను చెప్పినానని మాయమ్మకు చెప్పాకు" అన్నాడు. అంటే పాపమంతా నేను మూట కట్టుకోవాలి, ఆయన తల్లికి మంచి కొడుకుగా ఉండాలి. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను. మంచం తీయడానికి అనుమతి ఇచ్చినవాడికి దాని మీద హక్కు లేదు, హక్కున్న మనిషిని అడగడానికి నాకు నోరు లేదు. ఇంటికొచ్చి మా ఆయనను మాత్రం అడిగాను, నీ మాట ముఖ్యమా, మా నాయన మానం ముఖ్యమా అని. ఆయన మరునాడు పొద్దున్నే లేచి పోయి వడ్రంగిని పిలుచుకొచ్చాడు. మంచం కీళ్ళు ఊడదీసి, పట్టెలు పెరటి వసారాలో పెట్టించాలని ఆయన ఉద్దేశం. ఇచ్చిన మాట తప్పడం ఆయనకు ఎంత కష్టమో ఆయన ముఖంలో కనపడుతూనే ఉండింది. నేను చూడనట్లే తల తిప్పుకున్నాను.

వడ్రంగి సుత్తి తీసుకుని లోపలికి పోతున్నాడో లేదో, అవ్వ వచ్చింది. ఆ రోజు వస్తుందని ఎవరనుకున్నారు. నేను తెర లోపల మా నాయనకు గంజి తాగిస్తున్నాను. ఆమె తెర పక్కకు తీసి, మా నాయనను చూసి, వాకిట్లో సుత్తితో నిలబడినవాణ్ణి చూసి, సంగతంతా ఒక్క చూపులో తెలుసుకుంది. నేను గిన్నె పట్టుకుని అట్లాగే ఉండిపోయాను. తిడుతుందేమో, శాపనార్థాలు పెడుతుందేమో అనుకున్నాను.

"లోపల ఇంత మంచముండంగ, మీ నాయన్ని ఈడ తొక్కుళ్ళలో పండబెట్టినావేంది తల్లీ" అంది.

అది మీ మంచం కదవ్వా, మా ఆయన మాటిచ్చినాడు కదా అని నేను నసిగాను. తీయొద్దని మాట తీసుకున్నాను గానీ పండుకోవద్దని కాదు కదా అంది ఆమె. నేను ఇంకా కదలకపోయేసరికి, నా భయమేమిటో కూడా ఆమెకు తెలిసిపోయింది. మాయాయన పోయిన మంచమని భయపడతాండావు, నాకు తెలుసులే అంటూ, నన్ను వదిలేసి మా నాయన వైపు తిరిగింది. లోపల చల్లగా ఉంటాది, పోతావా అప్పా అని అడిగింది. ఎన్నో నెలలుగా ఆయనను ఎవరూ ఏమీ అడిగి ఉండలేదు. అన్నీ మేమే నిర్ణయించి చేసేవాళ్ళం. మా నాయన ఎడమ చెయ్యి ఎత్తి లోపలి గది వైపు చూపించాడు.

సుత్తి తెచ్చిన వడ్రంగీ, మా ఆయనా కలిసి మా నాయనను ఎత్తుకుపోయి ఆ మంచం మీద పడుకోబెట్టారు. ఆ గది తలుపు మూసుకుంటే ఇంకెవరి కళ్ళూ పడవు, పక్కనే నీళ్ళగది. ఆ మధ్యాహ్నం ఆయన నిద్రపోయినంత హాయిగా మళ్ళీ నేను ఎవరూ నిద్రపోగా చూడలేదు. నాకు మాత్రం ప్రతి దినమూ భయమే, ఇంకొకరు పోయిన చోట నా తండ్రిని పడుకోబెట్టానే అని. ఆపాతో అంటే, మనుషులు పుట్టని చోటూ పోని చోటూ యాడుంది పిచ్చిదానా అని తిట్టింది.

ఆ తర్వాత నుంచి అవ్వ వస్తే చూసేది మంచాన్ని కాదు, మా నాయనను. కింద అదే చోట కూర్చుని ఆళ్ళగడ్డ కబుర్లన్నీ చెప్పేది. వాన పడిందా లేదా, శనగలు పూతకొచ్చాయా లేదా, అహోబిలం తిరునాళ్ళకు ఎవరెవరు పోయారు, ఎవరింట్లో కోడలు అలిగింది, శివరాత్రికి శ్రీశైలం నడిచిపోయేవాళ్ళకు ఎవరు మజ్జిగ పోశారు. మా నాయన ఊ కొట్టేవాడు. మొదట్లో అన్నీ ఒకే ఊ లాగా వినిపించేవి కానీ, పోను పోను ఒప్పుకునే ఊ ఒకటి, ఒప్పుకోని ఊ ఒకటి, ఎగతాళి ఊ ఒకటి నాకు కూడా తెలిసిపోయాయి. ఒకసారి ఆమె తన కోడలి వంట గురించి ఏదో చెబితే ఆయన నవ్వాడు, సగం ముఖంతోనే అనుకోండి, కానీ నవ్వాడు. నేను వంటింట్లో నుంచి పరుగెత్తుకొచ్చి చూశాను. వస్తే పోదు కదా అని నేను సణుక్కున్న మనిషి కోసమే, బస్సు ఆలస్యమైతే వీధి చివరిదాకా పోయి ఎదురుచూడటం నేర్చుకున్నాను.

కానీ ఎంత చేసినా పక్షవాతం పక్షవాతమే. ఒక వేసవిలో మా నాయన తిండి తగ్గించాడు, ఆ తర్వాత నీళ్ళూ తగ్గాయి. డాక్టరు వచ్చి చూసి, కావాల్సినవాళ్ళకు కబురు పెట్టుకోండమ్మా అన్నాడు. పొద్దున్నే ఊరి నుంచి మా చిన్నాయన, ఇంకా నలుగురూ వచ్చారు. మా చిన్నాయన ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసి, ఊపిరి మారింది, ఇంక దించుదాం అన్నాడు. ఎవరో నేల కడిగారు, ఎవరో చాప పరిచారు. నలుగురూ మంచానికి నాలుగు వైపులా నిలబడి నా వైపు చూశారు. మా వైపు ఆ మాట కట్టుకున్నవాళ్ళో, కడుపున పుట్టినవాళ్ళో చెప్పాలి. వేరేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళు చెయ్యి వేయరు.

"ఏందమ్మా చూస్తాండావు? దించమని ఒక్క మాట చెప్పు" అన్నాడు మా చిన్నాయన.

దినమంతా ఊళ్ళ పేర్లు అరిచే నోరు నాది. ఆ ఒక్క మాట రాలేదు. మా నాయన ఎడమ చెయ్యి నా చేతిలో ఉంది, వేళ్ళు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. నేను నోరు తెరిస్తే వాళ్ళు ఆయనను ఎత్తుతారు, ఎత్తితే ఆయనకు తెలిసిపోతుంది. మా చిన్నాయన బతిమాలాడు, తర్వాత కోప్పడ్డాడు, మీ నాయనకు గతి లేకుండా చేస్తాండావని ఏడ్చాడు కూడా. మా ఆయన నా భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. వాళ్ళు చెప్పింది తప్పని నేను అనుకోలేదు. అందరూ చేసేదే, మా అమ్మకు మా నాయన చేసిందే. అన్నీ తెలుసు, అయినా ఆ చేతిని వదల్లేదు. అట్లా చూస్తుండగానే మధ్యాహ్నానికి మా నాయన ఆ మంచం మీదే వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత అందరూ అనాల్సినవి అన్నారు. గది మూసేయమన్నారు, మంచం కాల్చేయమన్నారు. చదువుకుని ఉద్యోగం చేసే ఆడదానికి పెద్దల మాట ఏం పడుతుంది అన్నారు. మా చిన్నాయన కర్మలన్నీ దగ్గరుండి జరిపించి, పోతూ పోతూ నా ముఖం చూడకుండా పోయాడు.

పెద్ద దినం అయిన మరునాడు అవ్వ వచ్చింది. ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. నేను కూడా పోయి ఆమె పక్కన బండల మీద కూర్చున్నాను. అంతవరకూ ఎవరి ముందూ ఏడవనిదాన్ని, నాకు నోరు రాలేదవ్వా అని ఏడ్చాను. ఆమె చాలాసేపు నా వీపు నిమిరింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"నేనూ నిద్రపోలేదమ్మా. మేలుకునే ఉన్నా. దించండి అంటే పో అని చెప్పినట్లే గదా. ఇన్నేండ్లు ఉండు ఉండు అని, ఆ ఒక్క గడియలో పో అని యెట్ల చెప్పేది?"

తెలిసే చేసిందంటే కొడుకు క్షమించడని, కునుకు పట్టిందని తనే అందరికీ చెప్పిందట. నిద్రపోయిన ముసల్దాన్ని తిట్టి ఊరుకుంటారు, మేలుకుని దించని దాన్ని ఊరుకోరు కదా అంది. అన్నేళ్ళూ ఆ నింద మోస్తూ బస్సెక్కి వచ్చి పోయిన మనిషిని నేను మనసులో ఎన్నెన్ని అనుకున్నానో తలుచుకుంటే సిగ్గేసింది. ఆ నాటి నుంచి ఆ గది ఆమెది అని నేను ఎన్నడూ అనుకోలేదు. ఇద్దరిదీ అనుకున్నాను.

ఆమె ఇంకా కొన్నేళ్ళు వచ్చింది. రాకపోకలు తగ్గుతూ తగ్గుతూ, చివరికి నిలిచిపోయాయి. మోకాళ్ళు పట్టేశాయని, ఆ తర్వాత మంచాన పడిందని తెలిసింది. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకుంటుండగా, ఒకరోజు ఎక్స్ఛేంజీలో ఉండగానే ఆమె కొడుకు నుంచి కబురు వచ్చింది, మాయమ్మకు బాగలేదు, నిన్ను తలుస్తాంది అని. చేతిలో పని పక్కామెకు అప్పజెప్పి దొరికిన బస్సెక్కాను.

పోయేసరికి ఆమె నేల మీద ఉంది. కొత్త చాప, కొత్త దుప్పటి, తలవైపు దీపం, అన్నీ పద్ధతిగా ఉన్నాయి. మూడు నాలుగు దినాల ముందే ఊపిరి మారిందని దించారట. దించిన తర్వాత ఊపిరి మళ్ళీ కుదురుకుంది. అట్లా జరుగుతుంది, మీలో చూసినవాళ్ళు ఉంటారు. కానీ ఒకసారి దించిన మనిషిని మళ్ళీ మంచం ఎక్కించరు. ఆమె అట్లాగే ఆ బండల మీద, దినాలకు దినాలు, అందరూ ఎదురుచూస్తుంటే వాళ్ళ ఎదురుచూపును చూస్తూ పడి ఉంది. నేను కొడుకును పక్కకు పిలిచి, బండలు చల్లగా ఉన్నాయన్నా, మళ్ళీ మంచం మీద పడుకోబెడదాం అని బతిమాలాను. ఆయన కళ్ళు ఏడ్చి ఏడ్చి వాచి ఉన్నాయి. మా నాయనకు ఎట్లా జరిగిందో నీకు తెలుసు కదమ్మా, ఈమెకైనా సక్రమంగా జరగనీ, దించిన మనిషిని ఎక్కిస్తే ఊరు ఏమంటుంది అన్నాడు. ఆయన తల్లి మీద ప్రేమతోనే అన్నాడు. నేను ఏమని వాదించేది? పరాయిదాన్ని, వాళ్ళ ఇల్లు కొన్నదాన్ని, అంతే కదా నేను.

ఆమె దగ్గర కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. గుర్తుపట్టింది. నోటి దగ్గర చెవి పెడితే గాని వినపడనంత చిన్న గొంతుతో, "దించినారమ్మా నన్ను" అంది.

 ఒంటి మీది శాలువా తీసి, మడిచి, ఎవరూ చూడకుండా ఆమె వీపు కిందికి తోశాను. నా చేతనైంది అంతే. చివరి బస్సు పోతుందని ఎవరో తొందర చేస్తే లేచి వచ్చేశాను. మరునాడు పొద్దునకు పోయిందని కబురొచ్చింది. ఎంత మంచి చావు, కొడుకు ఎంత శ్రద్ధగా దించుకున్నాడు అని అందరూ మెచ్చుకున్నారట.

మాట అక్కడికి చెల్లిపోయింది. ఇంక మంచం తీయొచ్చు కదే అని మా ఆయన ఒకసారి అన్నాడు, నేను ఊరుకుంటే మళ్ళీ అనలేదు. ఇల్లు పడగొట్టి కట్టుకునేదాకా అది ఆ గదిలోనే ఉంది. ఆ తర్వాత వడ్రంగి దాన్ని కోసి వాకిలి చట్రాలు చేశాడు. కొత్త ఇంట్లో ఏ వాకిలికి ఏ పట్టె వాడాడో నేను అడగలేదు.

ఇప్పుడు ఈ గొడవలేవీ లేవు. మంచాలు ఇంట్లో చావడానికి కాదు, ఇంట్లో ఎవరూ చావరు కూడా. రెండేళ్ళ కిందట మా ఆయనకు ఊపిరి ఆడకపోతే కర్నూలుకు తీసుకుపోయాం. పిల్లలు ఎంత పరుగెత్తారో, ఎంత చేశారో చెప్పలేను. చక్రాల మంచం మీద లోపలికి తీసుకుపోయారు, తలవైపు పైకి లేవడానికీ కిందికి దిగడానికీ దానికి ఒక మీట ఉంది. అద్దాల తలుపు వేశారు. లోపలికి ఎవరినీ పంపకూడదన్నారు, అది అక్కడి నియమం, తప్పేమీ లేదు, మిగతా రోగులూ ఉంటారు. నేను బయట కుర్చీలో కూర్చుని, ఇక్కడ నన్ను ఎవరూ వచ్చి దించమంటావా అని అడగరు కదా అని మొదట్లో కొంచెం ధైర్యంగా ఉన్నాను. ఎవరూ అడగలేదు. తెల్లకోటు వేసుకున్న చిన్నపిల్ల ఒకతె వచ్చి, అమ్మా, సారీ అమ్మా అని చెప్పి పోయింది. పో అని చెప్పలేక ఆ నాడు నేనూ, ఆ అవ్వా అంత నింద పడ్డాం. మా ఆయనకు ఉండు అని చెప్పడానిక్కూడా నేను లోపలికి పోలేకపోయాను.